సొంత జట్టు అంపైరు

మా కంపెనీ క్రికెట్ జట్టుకు కెప్టెన్ ఒక ఇంగ్లీషు దొర. మొదట సైన్యంలో ఆఫీసరు, తర్వాత మస్కట్‌లో బడిపంతులు. రిటైరయ్యాక ఆ పక్కనే సీబ్‌లో విల్లా తీసుకుని ఉండిపోయాడు. మా కంపెనీ యజమానిని మేం అర్బాబ్ అంటాం. అతని కొడుకులు దొర దగ్గరే చదువుకున్నారు. అర్బాబ్ గురుదక్షిణగా మమ్మల్ని సమర్పించుకున్నాడు.

క్రికెట్ ఆడినందుకు జీవితంలో ఏనాడూ పైసా పుచ్చుకోలేదని దొర ప్రతి శుక్రవారం చెప్పేవాడు. ఆయన ఆట చూసినవాళ్లెవరూ ఆ మాటను శంకించలేదు.

సేనాని ముందుండాలని బ్యాటింగ్‌కు తనే మొదట దిగేవాడు. ఆయన కుర్రతనంలో ఆటలు రోజుల తరబడి సాగేవట. ఔట్ కాకుండా నిలబడటమే అక్కడ ఘనకార్యం. మావి ఇరవై ఓవర్ల ఆటలు. జుమ్మా నమాజు వేళకు మైదానం ఖాళీ చేయాలి. దొర మాత్రం ఎప్పటిలాగే కోట కాపలా కాసేవాడు.

ఏ స్లాబుకు ఎంత కాంక్రీటు, ఎంత ఇనుము పడుతుందో లెక్కగట్టడం కంపెనీలో నా పని. బడి చదువు పదో తరగతితో ఆగింది, మిగతాది సైట్‌లో నేర్చుకున్నాను. ఒకసారి మంచినీళ్ల విరామంలో దొర దగ్గరికి వెళ్లి, ఇలా ఆడితే చివరి ఓవర్లలో బంతికి రెండేసి పరుగులు కావాల్సి వస్తుందని చెప్పాను. యుద్ధం కూడికలతో గెలవరని ఆయన జవాబిచ్చాడు. ఆ ఆట ఓడిపోయాం. ఎన్ని పరుగులతో అని ఆయన అడగలేదు.

మా పోటీల్లో బ్యాటింగ్ జట్టే తన మనుషులిద్దరిని అంపైర్లుగా నిలబెట్టాలి. నాకు బ్యాటూ రాదు, బంతీ రాదు కాబట్టి తెల్లకోటు నాకు వచ్చింది. దానికి రాయని నియమం ఒకటుంది. వికెట్లు ఎగిరిపడితే ఎవరూ ఏమీ చేయలేరు. క్యాచ్ పడితే అందరికీ కనిపిస్తుంది. కానీ బంతి కాలికి తగిలే ఎల్బీకి సొంత జట్టు అంపైర్ వేలెత్తడు. అన్ని జట్లూ అంతే. ఈ మర్యాద వల్ల లాభపడినవాళ్లలో దొరను మించినవాడు లేడు. ఆయన బ్యాటు కంటే ముందు ప్యాడ్లు అరిగాయి.

ఆ సీజన్‌లో మా ఎలక్ట్రీషియన్‌కు దుక్మ్ బదిలీ వచ్చింది. భీమవరం దగ్గరి కుర్రాడు, జట్టులో సిక్సర్లు కొట్టగలవాడు అతనొక్కడే. భార్య సీబ్‌లోనే ఆసుపత్రి నర్సు. దుక్మ్ అంటే బస్సులో సగం రోజు ప్రయాణం, చుట్టూ ఇసుక, క్యాంపు గదులు. జట్టు పోటీలో ఉన్నంతవరకు ఆటగాళ్లను కదిలించనని మేనేజర్ మాటిచ్చాడు. ఓడితే ఆదివారం బస్సే.

ఓడితే ఇంటిదారి పట్టాల్సిన ఆట వచ్చింది. దొర కోట కాపలాలో ఉన్నాడు. ఎలక్ట్రీషియన్ ప్యాడ్లు కట్టుకుని గీత బయట నిలబడ్డాడు. నైట్ డ్యూటీ నుంచి అటే వచ్చిన అతని భార్య గొడుగు కింద కూర్చుంది. ఓవర్లు కరిగిపోతున్నాయి. ఇంతలో ఒక బంతి నేరుగా దొర ప్యాడ్‌కు తగిలింది, మధ్య వికెట్‌కు ఎదురుగా. బౌలర్ అలవాటుకొద్దీ ఒకసారి అరిచి, జవాబు కోసం చూడకుండానే వెనక్కి తిరిగాడు.

నేను వేలెత్తాను.

మైదానంలో ఎవరికీ అర్థం కాలేదు. రెండో అంపైర్‌గా నిలబడ్డ మా మెస్ వంటవాడు, జగిత్యాల మనిషి, దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"దిమాక్ ఖరాబైందా అన్నా? ఆయన మనోడే."

దొర మాత్రం నా వేలు చూసి, బ్యాటు చంకలో పెట్టుకుని నోరెత్తకుండా వెళ్లిపోయాడు. అంపైర్ మాట ఆయనకు దైవవాక్కు. ఎలక్ట్రీషియన్ దిగి, ఇంకా బంతులు మిగిలుండగానే గెలిపించాడు.

ఆట అయ్యాక దొర ప్రసంగించాడు. గెలుపుకు పునాది తనదట. పునాది నేనూ చూశాను, దాని మీద గోడ లేవడానికి పునాదినే పక్కకు తప్పించాల్సి వచ్చింది. తర్వాత అందరి ముందూ నా చేయి పట్టుకుని, సొంత కెప్టెన్‌ను ఔటిచ్చిన నిజాయితీపరుణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. ఇకమీదట ప్రతి ఆటకూ నేనే నిలబడాలన్నాడు. ఆ సాయంత్రం నర్సమ్మ నా రూమ్‌కు రొయ్యల కూర పంపింది.

మరుసటి శుక్రవారం దొర వికెట్లు తొందరగానే ఎగిరిపోయాయి, నా అవసరం రాలేదు. ముందు ఆటకు ముచ్చటపడి ఎలక్ట్రీషియన్‌ను ఆయన ఈసారి బ్యాటింగ్ వరుసలో పైకి జరిపాడు. అతను ఆడిన మొదటి బంతే కిందుగా వచ్చి ప్యాడ్‌కు తగిలింది. అదే చోటు. వారం కిందటి దానికీ దీనికీ బొటనవేలంత తేడా ఉంటే ఉండొచ్చు. వేలెత్తే అంపైర్ ఒకడున్నాడని క్యాంపులన్నీ అప్పటికే చెప్పుకుంటున్నాయి. ఈసారి పదకొండు మందీ నా వైపు తిరిగి అరిచారు.

ఎలక్ట్రీషియన్ కదల్లేదు.

"చూసి చెప్పండి బాబాయ్," అన్నాడు.

గీత బయట కుర్చీలో దొర నిటారుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు వేలెత్తకపోతే పోయినవారం ఎత్తిన వేలికి వేరే అర్థం వస్తుంది. ఎత్తాను.

ఓడిపోయాం. దొర వచ్చి నా భుజం తట్టాడు.

ఆదివారం బస్సు దగ్గరికి ఆయనా వచ్చాడు. దుక్మ్‌లో నేలంతా చదునే, మంచి మైదానం తయారవుతుందని ఎలక్ట్రీషియన్‌కు ధైర్యం చెప్పి, తన పాత బ్యాటు బహూకరించాడు. అది కొత్తదానిలా మెరుస్తోంది.

నర్సమ్మ నా పక్కన నిలబడింది.

"దొరగారిని ఔటిచ్చినందుకు కూర పెట్టానండీ. మా ఆయన్ని ఇచ్చినందుకేం పెట్టమంటారు?"

నేను బస్సు టైర్ల వైపు చూశాను. ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి కిటికీలోంచి భర్తకు అందించింది. మూత సరిగా పడలేదు. రొయ్యలే.