ఎర్రదారం కట్టిన డబ్బా

చిన్నతాత పోయాడన్న వార్త తిరువళ్ళూరు ఆసుపత్రి నుంచి మన ఊరికి చేరేసరికే ఆయన మీద ఒక నేరం సిద్ధంగా ఉంది. "ముసలాయన పాడైపోయిన మందు ఇంట్లో పెట్టి కన్నకొడుకు చెయ్యి కాల్చినాడు." ఆర్.కె.పేట బస్సులో, నా వెనక సీటులోనే ఈ మాట విన్నాను. ఈరోజు ఆయన పెద్దకర్మకు వచ్చిన మీ అందరి ముందు దానికి జవాబు చదువుతున్నాను.

చిన్నతాత మా తాతకు తమ్ముడు. శనక్కాయ చేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికి ఆయన దగ్గర లైసెన్సు ఉన్న పాత తుపాకి ఉండేది. గొట్టంలో నల్లమందు కూరి పేల్చే రకం. ఆ మందును ఆయన నమ్మలేదు. అసలు ఆయన ఎవరినీ నమ్మలేదు. కొన్న డబ్బా మూత సరిగా బిగిసిందో లేదో అంగడివాడి ఎదుటే మూడుసార్లు చూసేవాడు. ఒకసారికి ఒక్క చిన్న డబ్బా, అంతకుమించి కొనడు. దానిని వంటింటికి దూరంగా, ఎండ పడని గదిలో, కొయ్యపెట్టెలో ఉంచేవాడు. తుపాకి గుర్రం దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీలు మరో గదిలో. మందు గదిలోకి నైలాను చీరతో వచ్చిన కోడలిని, ఆ బట్ట రాపిడికి రవ్వ పుడుతుందని గడప దగ్గరే ఆపేశాడు. నా చేతిలోని ఫోనును కూడా బయటే పెట్టించాడు.

"నేనేమన్నా దొంగనా తాతా?"

"నువ్వు కాదు అమ్మణ్ణీ, ఆ ఫోను మింద నాకు సందేగం."

ఏటా ఐప్పసి నెలలో, దీపావళి వేళ పడే వానలు వెలిశాక ఆయన మందుకు పరీక్ష పెట్టేవాడు. కొయ్య గరిటెతో చిటికెడు తీసి తెల్లకాగితం మీద పోసేవాడు. గింజలు విడివిడిగా జారితే మంచిది. ఉండ కట్టినా, తెల్లగా పూసినా చెడింది. "పొడిగా ఉంటే ఇది నాకన్నా ఎక్కువ కాలం బతుకుతాది. ఒక్కసారి తేమ తగిలిందా, ఇంక దాన్ని ఆరబెట్టేదే లేదు. నీళ్ళలో ముంచేసేదే." చెడిన డబ్బాకు 'చెడింది, ఆరబెట్టొద్దు' అని రాసిన చీటీని ఎర్రదారంతో కట్టేవాడు. దానిని బకెట్టు నీళ్ళలో కలపడానికి ఇద్దరు కావాలన్నది ఆయన నియమం: ఒకరు పోయాలి, ఒకరు కాపలా చూడాలి. ఆ రెండో మనిషిని నేనే.

చీటీ మీది రాత తెలుగు. మన బడుల్లో అంతా తమిళమే కాబట్టి, మన ఇళ్ళలో నలభై దాటనివాళ్ళకు ఆ అక్షరాలు రావు. నేను వాటిని బడిలో నేర్చుకోలేదు, ఆయన చీటీల మీదే నేర్చుకున్నాను.

"తమిళంలో రాస్తే అందురూ చదువుతారు గదా తాతా?"

"అందురూ చదివితే అందురూ తెరుస్తారు."

ఈ వాదన తప్పని ఆరోజే చెప్పవలసింది. కాలేజీ వేదికల మీద ఎవరినీ వదలని నేను, ఆయన నన్నొక్కదానినే నమ్మాడన్న గర్వంతో ఊరుకున్నాను. ఆయన తప్పు ఇదొక్కటే. అందులో నాకూ భాగముంది.

మొన్నటి వానల తర్వాత ఆయన ఫోను చేశాడు. "ఒక డబ్బా చెడిపోయింది. చీటీ కట్టినాను. ఆదివారం వస్తావా, ముంచేద్దాం?" ఆ ఆదివారం నేను తిరుత్తణిలో వక్తృత్వ పోటీకి వెళ్ళాను. సోమవారం ఆయనను ఆసుపత్రిలో చేర్చారు. బుధవారం పందులు చేలో పడ్డాయి. ఆయన కొడుకు, నా చిన్నాయన, ఆ డబ్బా తీశాడు. ఉండ కట్టిన మందును మోటారు షెడ్డులో, అప్పుడే ఆగి ఇంకా వేడిగా ఉన్న మోటారు పక్కన రేకు మీద ఆరబోశాడు. స్టార్టరు మళ్ళీ వేయగానే నిప్పురవ్వ పడి మందు భగ్గుమంది.

ఆసుపత్రిలో నేను ఆ కబురు చెప్పినప్పుడు చిన్నతాత అడిగింది ఒకటే: "వాడు చీటీ చూడలేదా?"

"చీటీయే లేదంటున్నాడు తాతా."

"కట్టినాను అమ్మణ్ణీ." మళ్ళీ, "కట్టినానే" అన్నాడు. తనను తానే అనుమానించిన చూపు ఆయన ముఖంలో నేను చూసింది అప్పుడే. ఆ అనుమానంతోనే పోయాడు.

నేను షెడ్డుకు వెళ్ళి చూశాను. కాలింది రేకు మీది మందు. డబ్బా వాకిలి బయటే ఉంది, దానికి సెగ కూడా తగలలేదు. మెడకు ఎర్రదారం ముడి ఇంకా ఉంది. కాలిన దారం కొస నల్లగా ముడుచుకుపోతుంది. ఇది నిటారుగా, కత్తితో కోసినట్టు తెగి ఉంది.

చిన్నాయనా, కట్టు కట్టిన చెయ్యితో మొదటి వరుసలో కూర్చున్నారు. మీ నొప్పిని నేను తక్కువ చేయడం లేదు. అర్థం కాని రాతను ఎవరైనా కోసి పడేస్తారు, అది నేరం కాదు. లేదన్నారే, అదే నేరం. డబ్బా ఇదిగో, ఆయన పటం ముందు పెడుతున్నాను. ఆ చీటీ ఎక్కడుందో మీరు చెప్పండి. చినిగిపోయినా సరే, తెచ్చి ఈ దారం పక్కన పెట్టండి. అందరికీ వినబడేలా నేను చదువుతాను.