చెయ్యెత్తినా హాజరే

మా తమ్ముడు పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున, నల్లగొండ దవాఖానలో. దగ్గు నాలుగేళ్ళుగా ఉంది. ఈ ఎండాకాలం దాటలేకపోయాడు. వాడిని ఎరిగినవాళ్ళు మా రామన్నపేటలోనే కాదు, పానగల్లు దగ్గరా, అచ్చంపేట అడవి అంచు ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి వాడిలాగే చెవులు వినబడవు. చదువు వచ్చినవాళ్ళెవరైనా ఈ నాలుగు ముక్కలు చూపించి వాళ్ళకు తెలియజేస్తారని రాస్తున్నాను. నాకు రాయడం అలవాటు లేదు. ఒంట్లో ఓపిక కూడా లేదు.

వాడు నాకంటే పదేళ్ళు చిన్న. నాలుగో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి, వెనకాలే మాటా పోయింది. అమ్మ అప్పటికే లేదు. బాపు పొద్దంతా మగ్గం మీద ఉండేవాడు, వీడు నా కొంగు పట్టుకుని తిరిగేవాడు. బాపు నాకు నేర్పిన అక్షరాలే నేను వీడికి పలక మీద నేర్పాను. "నీళ్ళు" అని రాసి చెంబు చూపించేదాన్ని. కొన్నాళ్ళకు నాకంటే బాగా రాశాడు. మనం మాట్లాడినట్టే రాసేవాడు, కొంచెం ఎత్తిపొడుపుతో.

పానగల్లు గుడికి పోతే గంట కొట్టి, వెంటనే దాన్ని రెండు చేతులతో పట్టుకునేవాడు. ఒకసారి పూజారి కసిరాడు.

"పట్టుకుంటే మోత ఆగుతది గదరా!"

వాడు పలక తీసి రాశాడు: "ఆగలె అయ్యగారూ, నా చేతులకొచ్చింది."

నేను రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. కానీ ఏ పూజలోనూ ఆ గంట పట్టుకున్నప్పటి వాడి ముఖంలో ఉన్నంత శాంతి నాకు దొరకలేదు.

నిజాం పాలన పోయిన కొత్తలో మా ఊళ్ళో నేతపనివాళ్ళ సంఘం పెట్టారు. నూలు సంఘమే ఇస్తుంది, సభ్యులకే ఇస్తుంది. మొదటి సభలో సంఘం పెద్ద ఒక్కొక్కరి పేరు పిలిచాడు. లేచి "హాజరు" అన్నవాడే సభ్యుడు. మా ఊళ్ళో తమ్ముడంత సన్నంగా నేసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాడి పేరు వచ్చింది. వాడు పెద్దాయన పెదవులనే చూస్తూ కూర్చున్నాడు గాని, మీసాల చాటున ఏ పేరు వచ్చిందో తెలియలేదు. గడప దగ్గర నిలబడ్డ నేను "హాజరు" అన్నాను.

పెద్ద నా వైపు తిరిగాడు. "పలకనోని పేరెందుకమ్మా? నీ పెనిమిటి పేరు మీద రాసుకుంటం. నూలు మీ ఇంటికే వస్తది గద. నీ తమ్ముడు ఒప్పుకుంటడా?"

"ఒప్పుకుంటడు," అన్నాను.

మేలు చేస్తున్నాననుకున్నాను. ఆ మాట చెప్పేముందు పక్కకు పోయి వాడిని ఒకసారి అడగాలని కూడా తోచలేదు.

మర్నాడు సంఘం గోడకు సభ్యుల పేర్లు అతికించారు. వాడు పై నుంచి కిందికి రెండుసార్లు చదివాడట. ఇంటికి వచ్చి పలక నా ఒళ్ళో పెట్టాడు. "అక్కా, నేను సచ్చిపోయిన్నా? నా పేరేది?"

మూడు నెలలు నా ఇంట బువ్వ తినలేదు. గిన్నెలో పెట్టి పంపితే మూత తీయకుండా తిరిగి వచ్చేది. మళ్ళీ మొదటిసారి వచ్చిననాడు తినే ముందు రాశాడు: "నీ నోరు మంచిదే అక్కా. గని అది నాది గాదు."

అక్కడి నుంచి మొదలైంది. చెయ్యెత్తితే హాజరని రాసుకోవాలని వాడు అడగడం, పెద్దాయన నవ్వడం. "మూగోడు సభ్యుడైతే సభల ఏం మాట్లాడ్తవురా?" అని ఆయన సైగ చేస్తే, వాడు పలక ఎత్తి అందరికీ చూపించాడు: "ఇన్నొద్దులు మాట్లాడినోళ్ళు ఏం జేసిన్రు?" కుర్రకారు నవ్వారు. పెద్ద మరింత బిగిశాడు.

అర్జీలు పట్టుకుని నల్లగొండకు, పాలమూరుకు బస్సుల్లో తిరిగాడు. తహసీలు కచేరీ దగ్గర జవాను గుమ్మంలోనే ఆపి, "మాట్లాడేటోన్ని తోల్కరాపో" అని చేతులూపాడు. ఇంటికి వచ్చాక ఆ కథంతా సైగలతో చేసి చూపించాడు. జవాను పొట్ట, తలపాగా, అన్నీ దించేశాడు. నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వాడు మాత్రం మధ్యలోనే ఆపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

తిరిగిన ప్రతి ఊళ్ళో తనలాంటివాళ్ళు ఎక్కడున్నారో వెతికేవాడు. అచ్చంపేట దగ్గర కుండలు చేసే ఒకామె అలాగే కలిసింది. మొగుడు పోయాక, "దానికి అడిగే నోరుందా" అని మరుదులు ఆమె చెలక లాక్కుని దున్నుకున్నారు. ఆమెకు అక్షరాలు రావు. చేతులతో ఆమె చెప్పిందంతా వాడు కాగితం మీద పెట్టాడు. చాలా తిరిగాక సగం చెలక వచ్చింది. మిగిలిన సగం నేటికీ రాలేదు.

పన్నెండేళ్ళు గడిచాయి. ఒక సభలో పెద్ద మళ్ళీ పేర్లు పిలిచాడు. ఏడాదికోసారి వాడి అర్జీ చదవక తప్పేది కాదు, ఆ అర్జీతో పాటు వాడి పేరూ పిలిచాడు. పక్కవాడు మోచేతితో పొడిస్తే వాడు చెయ్యెత్తాడు. పెద్ద వాడిని చూడకుండా, అలవాటు కొద్దీ గడపలో ఉన్న నన్ను చూశాడు. సభంతా నన్నే చూసింది. "హాజరు" నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించుకుని నేల చూశాను. వాడు ఎత్తిన చెయ్యి దించలేదు.

చివరికి సంఘం పెద్దాయన గొంతు వినబడింది. "సరే తియ్యి, చెయ్యెత్తినా హాజరే. రాసుకోన్రి."

ఆ సాయంత్రం వాడు రాసింది: "ఇయ్యాల నువ్వు మస్తు మంచిగ మాట్లాడినవక్కా."

అంతటితో అయిపోలేదు. చెవులు వినబడని పిల్లలకు జిల్లాలో ఒక బడి కావాలని అడుగుతూనే ఉన్నాడు. ఆ బడి రాలేదు. "ఇగ చాలురా, అలిసిపోయినవ్" అని నేను సైగ చేస్తే, "అడుగుడు బంద్ జేస్తే వీళ్ళకు అక్కర లేదనుకుంటరు" అని రాసేవాడు. దవాఖానలో కూడా డాక్టరు నన్నే అడిగాడు, ఎక్కడ నొప్పని. పలక వాడి చేతికిచ్చి వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం రామన్నపేట బయట, దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. అక్కడ పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం రివాజు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతుందంటారు. సంఘం పెద్ద కర్ర పట్టుకుని వచ్చాడు. "అక్కవు, నువ్వే పిలువమ్మా. చెవుల గట్టిగ పిలువు," అన్నాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

నేను కూర్చుని వంగాను. ఈ చెవిలో ఏమని పిలవను?

అచ్చంపేట ఆమె, ఇంకో ఆరేడుగురు వాడిని చూడ్డానికి ముందురోజే నల్లగొండ వచ్చి ఉన్నారు, వెంటే వచ్చారు. ఆమె నా భుజం పట్టి మెల్లగా జరిపింది. వాడి చేతులకు కట్టిన గుడ్డ ముడి విప్పి, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టింది.

"గిదేం రివాజు?" అన్నాడు పెద్ద.

"వాళ్ళనే పిలువనియ్యి పెద్దయ్యా," అన్నాను.

వాళ్ళలో ఒకరిని ఒకరు పిలవాలంటే నేల మీద చరుస్తారు. అదురు కాలికి తగిలి, పిలిచిన వైపు తిరుగుతారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వాడి తల పక్కన అరచేత్తో నేల మీద చరిచింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి దుమ్ము లేచి తెల్లగుడ్డ మీద పడింది. నా అరికాళ్ళకు అదురు తెలిసింది.

మేమంతా వాడి ముఖం చూస్తున్నాం. వాళ్ళు మాత్రం వాడి చేతులు చూస్తూ నిలబడ్డారు.