బిడ్డ మిషనుకు పసుపు బొట్టు

"బిడ్డ మిషన్ చూసి రా. నేను చూసినట్టే," అన్నాడు మా ఆయన దవాఖాన మంచం మీద.

"నువ్వే చూద్దువు గని. ముందుగాల జర లేచి కూసో," అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే.

ఈ పొద్దున ఆర్మూరులో మా పక్క కళ్లంలో పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము తిరుగుతుంటే ఆ మాటలు గుర్తొచ్చాయి. నాకు సంతకం దాకానే చదువు. అందుకే చెల్లెలి కూతురిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

డ్రమ్ము తిప్పేముందు దాని మూతికి పసుపు కుంకుమ పెడతాం. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే. ఆయన పోయిన ఏడు నేను పళ్లెం పట్టుకుని లేవబోతే తోడికోడలు మెల్లగా అందుకుంది. తనే పోయి బొట్టు పెట్టింది. ఆ పసుపు నేను నాటింది, నేను ఉడకబెట్టింది. బొట్టుకు మాత్రం నా చెయ్యి పనికిరాలేదు.

ఆ తర్వాతే హైదరాబాదులో చదివే బిడ్డ దగ్గరికి పోయాను. దాని మిషను అంటే, లోపల గాలంతా లాగేసిన ఉక్కు పీపా. లేజరు దెబ్బకు లోహం ఆవిరై, కార్బన్ ఉన్న గ్యాసుతో కలిసి కంటికి ఆనని అణువులవుతుందట. అవి గింగిరాలు తిరుగుతాయట. ఆ తిరుగుడును కొలిస్తే లోహానికీ కార్బన్‌కూ మధ్య ఎడం తెలుస్తుందట. అంత చిన్న ఎడం ఎవరికి కావాలని అడిగాను. చుక్కల నడుమ కూడా ఇవే ఉండవచ్చు, ఈ లెక్క ఉంటేనే గుర్తుపడతారు అంది.

ఆ కొత్త మిషనును ఆ రోజే మొదలుపెడుతున్నారు. నేను తెచ్చిన పసుపు పొట్లం విప్పి, బిడ్డ పళ్లెం నా చేతికే ఇచ్చింది. వాళ్ల సారు, తోటి పిల్లలు చూస్తున్నారు. గుండె గట్టి చేసుకుని, డ్రమ్ము మూతి అలవాటున, మిషనుకున్న గుండ్రటి అద్దం మీదికి వేలు చాపాను. బిడ్డ గభాలున నా మణికట్టు పట్టుకుంది. ఇక్కడా అంతేనా అనుకున్నాను. కళ్లెత్తలేకపోయాను.

"నీ చెయ్యి గాదమ్మా, గా జాగ వద్దు. లేజర్ గా అద్దంలకెల్లే పోతది. పొడి అంటుకుంటె అద్దం కాలుతది. మిషన్ కాలుకు పెట్టు," అని, పట్టిన చెయ్యి వదలకుండానే కిందికి తీసుకుపోయింది.

ఒక కాలుకు పెట్టమంటే నాలుగు కాళ్లకూ పెట్టాను.

సాయంత్రం కంప్యూటరు తెర మీద గీత సూదిలా లేచింది, అణువులు దొరికినట్టేనట. లేపింది దాని చదువు, నా బొట్టు కాదు. అంత తెలివి నాకుంది. కానీ ఊరికి వచ్చాక మా డ్రమ్ముకు నేనే పెట్టాను. తోడికోడలు ఒకసారి చూసి, జరిగి దారి ఇచ్చింది.

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని నన్ను మస్తుగా ఓదార్చారు. ఊరికే కూర్చుంటే కాలం గడుస్తుందే గాని, ఏదీ సర్దిపెట్టదు.

ఇగ నువ్వు రాసింది చదివి వినిపియ్యి బిడ్డా. నన్ను జర మెత్తగ రాసినవేమో చూస్త.