నలభై ఒకటో ఇల్లు

2006 ఫిబ్రవరి 12, ఆదివారం. నగరి. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, కొడుకు, కోడలు, పెద్ద మనవరాలు అంటే పెళ్లికూతురు, చిన్న మనవరాలు. పెళ్లికి ఇంకా పదకొండు రోజులు. ఈ రోజు నుంచి పిలుపులు.

ఆ నాటి పేజీ ఇలా మొదలవుతుంది. ముప్పై నాలుగేళ్లు రైల్వే స్టేషన్లో బండి వచ్చిన వేళ, పోయిన వేళ రాసిన చెయ్యి నాది. ఇంటికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. డైరీలో ముందు తేదీ, తర్వాత మనుషులు, ఆ తర్వాతే సంగతులు.

మా వైపు కార్డు ఇచ్చినంత మాత్రాన పెళ్లికి పిలిచినట్టు కాదు. ఇంటి ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని గడప దాకా వెళ్లాలి, బొట్టు పెట్టాలి, నోటితో చెప్పాలి. అది పిలుపు. కార్డు దాని వెనక వచ్చేది.

ఆ పిలుపులకు తాను వెళ్తానని మా చిన్న మనవరాలు అడిగింది. అప్పటికి దానికి ఇరవై ఏళ్లు నిండాయి. అది నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం నేను రాసుకున్నంతలో మూడోసారి. మొదటిది, మగ్గం దగ్గర కూర్చోనివ్వమని. రెండోది, పదో తరగతి పరీక్ష గదిలో చప్పుడు చేసే ఫ్యాను ఆపమని. మూడోది ఇది. కోడలు వద్దనేసింది. ఏ ఇంట్లో ఏం అనేస్తుందో, ఆ నోరు ఎవరు పట్టుకుంటారని ఆమె భయం. దానికి కారణం లేకపోలేదు.

పాత డైరీల నుంచి మూడు ముక్కలు ఇక్కడ ఎత్తి రాస్తాను. 1991లో, పాపకు, అంటే చిన్న మనవరాలికి, ఆరో ఏడు: "తిరుపతి నుంచి మా బావమరిది వచ్చాడు. పాప ఆయన మొహం చూడలేదు. చెప్పులు చూసింది. మీ ఇంటి నంబరు ఎంత అని అడిగింది. ఎత్తుకోబోతే గోడకు అతుక్కుపోయింది." 1998లో: "బావమరిది వచ్చాడు. పాప చెప్పులు చూసి, ఇవి పోయినసారి వేసుకొచ్చినవి కావంది. ఇంటి నంబరు అదేనా మారిందా అని అడిగింది." 2005లో, పెద్ద మనవరాలి పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల గురించి: "పాప వచ్చి నిలబడింది. పెళ్లికొడుకు తండ్రి చెప్పులు చూసింది. ఇంటి నంబరు అడిగింది. ఆయన చెప్పాడు. మంచి మనిషి."

ఈ పద్నాలుగేళ్లలో అది ఏమీ నేర్చుకోలేదని కాదు. ఇంటికి ఎవరైనా వస్తే "రండి, కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా" అనాలని తల్లి నేర్పింది. నేర్చుకుంది. అప్పటికే కూర్చుని నీళ్లు తాగుతున్నవాళ్లకు కూడా చెప్పేది. చదువుకుంది, డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయింది. మనుషుల దగ్గర నిలబడే తీరు మాత్రం ఆరేళ్ల నాటిదే.

2001లో చెన్నైలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. చిన్నప్పటి సంగతులు అడుగుతారని తెలిసి పది డైరీలు సంచిలో వేసుకుని వెళ్లాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. నేను చదివి వినిపించాను, ఆమె రెండుసార్లు నవ్వింది. చివర ఆటిజం అనే మాట చెప్పింది. ఆ మాట నేను వినడం అదే మొదలు. పనులు, మాటలు, చదువు నేర్చుకుంటూ పోతుంది, మనుషులతో మెలిగే తీరు మటుకు చిన్నప్పుడు ఎలా ఉందో పెద్దయ్యాక కూడా దాదాపు అలాగే ఉండొచ్చు, దాన్ని మార్చాలని దాంతో పోట్లాడొద్దు అంది. తిరుగు రైల్లో కోడలు అరక్కోణం దాకా డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మడుస్తూ విప్పుతూ కూర్చుంది. నాకు మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, బాగా ఆకలి వేసింది. అరక్కోణంలో ఆరు ఇడ్లీలు తిన్నాను. పదేళ్లుగా ఎప్పుడు మారుతుందా అని కాచుకుని రాస్తున్నవాణ్ణి. ఇక ఆ కాపలా అక్కర్లేదు. ఉన్న పిల్లను చూసుకుంటే చాలు.

అందుకే పిలుపుల విషయంలో నేను కోడలితో వాదించాను. మారాక పంపిద్దాం అంటే ఎప్పటికీ పంపలేం అన్నాను. పెళ్లికూతురు కూడా చెల్లెలి వైపే నిలబడింది. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. మొదటి రోజు మా వీధి, పక్క వీధి. తోడుగా నా భార్య. ఒక్క ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చినా పాప మిగతా రోజులు ఇంట్లోనే ఉండాలి.

ఇక్కడ మా తమ్ముడి సంగతి చెప్పాలి. మాకు నాలుగు గడపల అవతల వాడి ఇల్లు. నేను రైల్వేకి పోయాను, వాడు మా నాయన మగ్గం పట్టుకుని, తర్వాత పవర్లూములు పెట్టుకున్నాడు. 1994లో నా కూతురి పెళ్లి. పిలవాల్సిన ఇళ్లన్నీ కాగితం మీద రాసి, పిలిచిన ఇంటికల్లా టిక్కు పెడుతూ వచ్చాను. తమ్ముడు ఆ రోజు బజార్లో ఎదురుపడితే పెళ్లి ఫలానా రోజని చెప్పి, ఇంటికి వచ్చి వాడి ఇంటికి కూడా టిక్కు పెట్టేశాను. టిక్కు ఉంది కాబట్టి ఆడవాళ్లు భరిణె పట్టుకుని వెళ్లలేదు. సొంత తమ్ముణ్ణి దారిలో పిలిచిన అన్న అని వాడు పెళ్లికి రాలేదు. తప్పు నాదని నాకు పెళ్లినాడే తెలుసు. తెలిసినా గడప దాటి వెళ్లి చెప్పలేదు. అలా పన్నెండేళ్లు.

ఆ పన్నెండేళ్లలో వాళ్లింటికి వెళ్లింది మా చిన్న మనవరాలు ఒక్కతే. రోజూ సాయంత్రం నాలుగుకు వెళ్లి మగ్గం పక్కన కూర్చుని, పడుగులో పోగులు కదలడం చూసి ఐదుకు వచ్చేసేది. తొమ్మిదేళ్లప్పుడు వెళ్లొద్దని చెప్పి చూశాం. ఎందుకని అడిగింది. చిన్నతాతకూ మాకూ మాటల్లేవన్నాం. మగ్గానికి కూడా మాటల్లేవు గదా అంది. ఇక రెండిళ్లవాళ్లమూ చూడనట్టు ఊరుకున్నాం. ఆ ఇంటి మాట ఈ ఇంటికి తెచ్చే పిల్ల అయితే ఎవరో ఒకరు ఆపేవాళ్లం. అది ఏమీ మోసుకొచ్చేది కాదు.

సరే, ఆదివారం పొద్దున. రెండు వీధులకూ నలభై ఇళ్లు రాసి ఇచ్చాను. పాప దాన్ని ఇళ్ల వరసలో తిరగరాసుకుంది. చూస్తే నలభై ఒకటి ఉన్నాయి. ఏదో ఇల్లు రెండుసార్లు రాసి ఉంటుందిలే అనుకున్నాను. ఆ పిల్ల ఏ ఇల్లూ రెండుసార్లు రాయదని నాకంటే తెలిసినవాళ్లు లేరు. ఎందుకు మళ్లీ లెక్కపెట్టలేదో నన్ను అడగొద్దు.

ఎనిమిదికి బయలుదేరారు. ఆ తర్వాతి సంగతులు చాలావరకు నాకు ఇరుగుపొరుగు చెప్పినవే. మామూలుగా పిలుపంటే ఇంటికి అరగంట. కూర్చోవాలి, కాఫీ తాగాలి, పిల్ల ఎవరికిస్తున్నారో ఏమి పెడుతున్నారో చెప్పాలి. పాప కూర్చోలేదు. గడప దగ్గర నిలబడి, వాకిట్లో ఉన్న చెప్పుల వైపు చూస్తూ, మా అక్క పెండ్లి, ఇరవైమూడో తేదీ గురువారం, తిరుపతిలో సత్రం, ఇన్ని గంటలకు ఇక్కడ రైలు, అది తప్పితే ఇన్నింటికి బస్సు అని చెప్పింది. చెప్పి, ఇప్పుడు మీరు చెప్పండి అంది. వాళ్లు తేదీ, వేళ సరిగ్గా తిరిగి అప్పగించేదాకా కదల్లేదు. ఒక పెద్దాయన రైలు వేళ రెండుసార్లు తప్పు చెప్పి మూడోసారి పాసయ్యాడట. ఆయనే సాయంత్రం వచ్చి నాకు ఆ వేళ గడగడా చెప్పి, అభినందించమన్నట్టు నిలబడ్డాడు.

బొట్టు దగ్గర ఒక చిక్కు ఉంది. మనుషుల్ని ముట్టుకోవడం దానికి పడదు. చెయ్యి బారెడు చాపి భరిణె ముందు పెట్టింది. ఎదురింటి ముసలామె, నువ్వే పెట్టు మే అని నుదురు ముందుకు వంచింది. నాకు మనుషుల్ని ముట్టుకుంటే బాగుండదు, మీదే నుదురు, మీరే పెట్టుకోండి అని పాప చెప్పింది. ఆ మాట మధ్యాహ్నానికి వీధంతా తిరిగింది. ఆ ముసలామె దాన్ని ఎన్నిసార్లు చెప్పుకుని నవ్విందో లెక్క లేదు.

పదో ఇంటి దగ్గర నా భార్యకు మోకాళ్లు పట్టేశాయి. ఆ ఇంటి పంచలో కూర్చుని మజ్జిగ తాగుతూ ఉండిపోయింది. పాప ఒక్కతే మిగతా ముప్పై ఒక్క ఇళ్లూ తిరిగింది. పదిన్నరకు ఇంట్లో ఉంది.

మధ్యాహ్నం అందరం చుట్టూ కూర్చుంటే కాగితం చూసి ఇంటింటి సంగతీ చదివింది. ఎవరున్నారు, ఎవరు మొదటిసారే సరిగ్గా చెప్పారు, ఎవరు తప్పి మళ్లీ చెప్పారు. కోడలి మొహంలో కూడా నవ్వు వచ్చింది. అలా చదువుతూ చదువుతూ పాప అదే గొంతుతో అంది:

"పద్నాలుగో ఇల్లు. చిన్నతాత ఇల్లు. ఇద్దరూ ఉండారు. చెప్పినాను. చిన్నవ్వ బొట్టు పెట్టుకునింది. చిన్నతాత మగ్గం ఆపినాడు."

నా కొడుకు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "తర్వాత?" అన్నాడు.

"మళ్లా ఆడించినాడు."

"ఏమన్నా అడిగినాడా మే?" కోడలు ముందుకు జరిగింది.

"మీ తాత పంపించినాడా అన్నాడు. లేదు, తాత రాసిన దాంట్లో మీ ఇల్లు లేదు, నేను రాసుకున్నాను అన్నాను."

కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పిలవకపోతే ఒక బాధ. మీ పేరు మా లిస్టులో లేదని గడప ఎక్కి చెప్పడం ఇంకా పెద్ద బాధ. పన్నెండేళ్ల కోపం ఇక ఇరవై నాలుగేళ్లు అవుతుందని, సత్రానికి వచ్చి నలుగురిలో అడుగుతాడని, అమ్మాయి పెళ్లి పాడవుతుందని ఆమె ఒకటొకటిగా చెప్పుకుంటూ పోయింది. చివరికి, "రేపట్నుంచి నువ్వు గమ్మున ఇంట్లో ఉండు" అంది.

పాప కాగితం మడిచింది. "ఎవురన్నా ఫిర్యాదు చేసినారా?"

"చేస్తారు."

"చేస్తే ఆపుతామన్నారు. చెయ్యకముందే ఆపుతామని అనలేదు."

దాని కళ్లు నేల మీదే ఉన్నాయి, కానీ భరిణె మీంచి చెయ్యి తీయలేదు. దానికి ఈ పని ఎంత కావాలో నాకు అప్పుడు అర్థమైంది. అక్కకు చెల్లెలిగా చేయగలిగిన పని అది ఒక్కటే అని దాని లెక్క. పెళ్లినాడు సత్రంలో మేళాల మధ్య, అంతమంది జనంలో నిలబడటం దానివల్ల కాదు. ఆ సంగతి దానికి మా అందరికంటే బాగా తెలుసు.

పెళ్లికూతురు మధ్యలో పడి, రేపు ఏడు గంటల దాకా చూద్దాం, ఆలోగా చిన్నతాత ఇంటి నుంచి ఏ మాటా రాకపోతే చెల్లెలు వెళ్తుంది అని తీర్పు చెప్పింది. కోడలు సరేనంది. వస్తుందనే ఆమె నమ్మకం.

నేను చొక్కా వేసుకుని తమ్ముడి ఇంటికి బయలుదేరబోయాను. నా భార్య కూర్చున్న చోటి నుంచే ఆపింది. "పన్నెండేండ్లు యాడికి పోయినావు? ఇప్పుడు పోతే పాపది తప్పని నువ్వే ఒప్పుకున్నట్టు ఐతాది. కూసో." కూర్చున్నాను. ఆ సాయంత్రం నాలుగుకు పాప ఎప్పటిలాగే మగ్గం చూడటానికి వెళ్లింది, ఐదుకు వచ్చింది. ఏం జరిగిందని మేమెవరమూ అడగలేదు. అడక్కపోతే అది చెప్పదు.

సోమవారం పొద్దున ఆరున్నరకు నేను వీధి వాకిట్లో కుర్చీ వేసుకున్నాను. పాప అప్పటికే తయారై, చేతిలో కొత్త కాగితంతో గడియారం చూస్తూ నిలబడి ఉంది. కోడలు ముగ్గు వేస్తూ ప్రతి చారకూ ఒకసారి తలెత్తి తమ్ముడి ఇంటి వైపు చూస్తోంది. ఏడుకు ఎనిమిది నిమిషాలు ఉందనగా ఆ తలుపు తెరుచుకుంది. మా మరదలు బయటికి వచ్చింది. తలంటుకుని, జరీ అంచు చీర కట్టుకుని, నేరుగా మా వాకిలికి వచ్చింది. కోడలి చేతిలో ముగ్గు అలాగే ఆగిపోయింది.

మరదలు నన్ను చూడలేదు. కోడలితో అంది, "మీ అత్తకు మోకాళ్లు పట్టుకున్నాయంట గదా. నిన్న సాయంత్రం తోడు ఎవరని అడిగితే పాప చెప్పింది. తోడుకు నేను పోతాను."

కోడలు లేచి నిలబడింది. చేతికి ముగ్గుతోనే ఆమె చెయ్యి పట్టుకుంది. మరదలు నవ్వింది. "ఫిర్యాదు ఒకటుండాది. మమ్మల్ని రైలు వేళ తిరిగి చెప్పమని పాప అడగలే. మీ చిన్నమామకు రాత్రంతా అదే బాధ."

"చిన్నతాత మగ్గం ఆడించినాడు. చప్పుడులో చెప్తే వినపడదు," అంది పాప. "సాయంత్రం అడుగుతాను."

లోపలి నుంచి నా భార్య కుంటుకుంటూ వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి మోకాళ్ల గురించి ఒకరు అడిగి తెలుసుకున్నారు. నేను కుర్చీలోంచి లేచాను. మరదలు కొంగు సర్దుకుని, నాకు వినపడేట్టుగా, "లిస్టులో లేనోళ్లం లిస్టు పట్టుకుని పోతాండాము" అంది. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

పాపకు అదేమీ పట్టలేదు. ఏడు అయింది. కాగితం మరదలికి చూపించి నియమాలు చెప్పింది. "ఇంటికి రెండు నిమిషాలు. కూర్చోకూడదు. కాఫీ తాగకూడదు. బొట్టు నువ్వు పెట్టు. మాట నేను చెప్తాను."

"ఎవురన్నా బలవంతం చేస్తే?"

"ఎవురూ చెయ్యరు. నిన్న ఎవురూ చెయ్యలేదు."

"చెయ్యరులే, నిన్ను చూసినాక," అంటూ మరదలు ముందు నడిచింది. పాప రెండడుగుల దూరం వదిలి, ఆమె చెప్పుల వైపు చూస్తూ వెనకే నడిచింది. ఇద్దరూ మూడో వీధిలోకి తిరిగారు.