చెవితో గెలిచిన పరీక్ష

ఎర్ర లైటు కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం కూడా ఒక వైద్యమేనా అని మొదట నాకు నవ్వొచ్చింది. గోదావరిఖని ఎండల్లో పుట్టి పెరిగినవాణ్ణి. వేడి కోసం మెట్లెక్కి ఒకరి దగ్గరికి పోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

బొగ్గు గనిని మేము బాయి అంటాం. బాయిలో నాది కప్పు చూసే పని. బొగ్గు తీశాక పైన రాతి కప్పు మిగులుతుంది. దాన్ని ఇనుప రాడ్డుతో తట్టి, గట్టిగా ఉందో, పొర వదిలిందో చెప్పాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర వదిలిన రాయి ఖాళీ డబ్బాలా బోలుగా మోగుతుంది. అయితే చెవి ఒక్కటే చాలదు. కుడిచేత్తో తడుతూ ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించాలి. రాయి వదులుగా ఉంటే చేతి కింద సన్నగా అదురుతుంది. చెవీ చెయ్యీ రెండూ సరేనంటేనే నేను "రాండ్రి" అంటాను. అప్పుడే మిగతావాళ్ళు ఆ కప్పు కిందికి వస్తారు. ఎంత పెద్ద సారైనా నేను ఊ అనేదాకా ఆగాల్సిందే. ఆ గర్వం నాకు మెండుగా ఉండేది, దాచుకోవడం దేనికి!

మొన్నటి ఎండాకాలంలో ఆ ఎడమ చేతి మీదే ఒక దుంగ జారి పడింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు మూసుకోవు, తెరుచుకోవు. చౌరస్తా దగ్గర మందుల దుకాణం పైన ఒకమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుందని తెలిసి, మా జట్టువాడొకడు బండి మీద తీసుకెళ్ళాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఇద్దరు పిల్లల తండ్రి. బాయిలో నా పక్కనే, నేను చూసిన కప్పు కిందే పనిచేస్తాడు.

ఆ అమ్మాయి మా పెద్దపిల్ల ఈడుది. చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ లైటు వేడికి బిగుసుకున్న చెయ్యి జర వదులైతది అంకుల్. అప్పుడు వేళ్ళు వంచుడు అలకగైతది. కానీ ముందుగాల మీకు వేడి, చల్లన తెలుస్తున్నయో లేదో చూడాలె. తెలువకపోతే లైటు పెట్టొద్దు."

అరచేతిలో సగం మేర, రెండు మూడు వేళ్ళలో నాకప్పటికే ఏమీ తెలియడం లేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే బయటికి పొక్కుతుంది, కంపెనీ దవాఖానలో అన్‌ఫిట్ అంటారు, లేదా బాయి పైన ఏదో తేలిక పని చూపిస్తారు. దీపాల గదిలో కూర్చుని, కిందికి దిగేవాళ్ళకు టోపీ లైట్లు అందిస్తున్నట్టు ఊహించుకుంటేనే తల కొట్టేసినట్టయ్యేది.

పైగా మాకు డాక్టరు పరీక్షంటే జబ్బు తెలుసుకునేది కాదు, ఎట్లాగో దాటాల్సింది. కళ్ళ పరీక్షకు ముందుగా పోయొచ్చినవాడు బోర్డు మీది అక్షరాలు వరసగా వెనకవాడి చెవిలో ఊదుతాడు. మా దృష్టిలో అది మోసం కాదు, దోస్తానా.

అమ్మాయి స్టీలు గ్లాసులో వేడినీళ్ళు, ప్లాస్టిక్ మగ్గులో చల్లనీళ్ళు పోసి, రెండింట్లో తలొక గాజు గొట్టం పెట్టింది.

"కండ్లు మూసుకోండ్రి. ఏది తాకితే అది చెప్పుండ్రి."

మూసుకున్నాను. గొట్టం స్టీలు గ్లాసులోంచి లేస్తే టింగుమంటోంది. మగ్గులోంచి లేస్తే టప్పుమంటోంది. రాతి పొర వినేవాడికి ఇదొక లెక్కా!

"వేడి," అన్నాను. "చల్లన. మళ్ళ చల్లన. వేడి."

ఒక్కటీ తప్పలేదు. "అన్నీ మంచిగ తెలుస్తున్నయి అంకుల్," అని ఆ పిల్ల సంతోషపడింది. తమ్ముడైతే పొంగిపోయాడు.

"మా అన్న చెయ్యంటే ఏమనుకున్నరు మేడం! గా చెయ్యి సరే అంటే చాలు, నేను కండ్లు మూసుకొని పోత."

ఆ మాట ఎక్కడో చిన్న ముల్లులా గుచ్చుకుంది. అయినా సిగ్గులేకుండా నవ్వాను.

దిండు మీద నా చెయ్యి వెల్లకిలా పెట్టించి, లైటును తగినంత దూరంలో నిలిపింది. "గోరువెచ్చగ హాయిగుండాలె, గంతే. మంటనిపిస్తే జల్ది పిలువుండ్రి. చెయ్యి కదపొద్దు," అని చెప్పి, పరదా అవతల మోకాళ్ళ నొప్పులతో మూలుగుతున్న ఒక అవ్వ దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు బయట బెంచీ మీద ఫోను చూసుకుంటున్నాడు.

మణికట్టు దగ్గర వెచ్చగా ఉంది. అరచేతిలో ఏమీ లేదు. లైటు అక్కడికి అందడం లేదేమో అనుకున్నాను. పొయ్యికి ఆమడ దూరంలో కుండ పెడితే అన్నం ఉడుకుతుందా? చెయ్యిని కొంచెం పైకి జరిపాను. అయినా ఏమీ లేదు. ఇంకాస్త జరిపాను. వేడి ఎంత తగిలితే అంత తొందరగా ఆ చచ్చిన వేళ్ళు లేస్తాయని ఆశ. నా మొండితనం తగలెయ్య!

ఆమె వచ్చి చూసేసరికి అరచెయ్యి కమిలిపోయి, మధ్యవేలి మొదట్లో బొబ్బ లేస్తోంది. "అయ్యో!" అంటూ లైటు ఆర్పి, నన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి చేతి మీద నీళ్ళు వదిలింది. "మంట లేస్తలేదా అంకుల్? ఎందుకు పిలువలే?"

ఆ కేకకు తమ్ముడు లోపలికొచ్చాడు. చెయ్యి చూశాడు. ఇక ఆగలేదు.

"ఏం చదివినవమ్మా నువ్వు? చెయ్యి కాలపెట్టినవ్ గద! గీ చెయ్యి మీద ఎంతమంది బతుకుతున్నరో ఎర్కేనా?"

"లైటు నేనే దగ్గర పెట్టిన్నేమో," అంది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరదా పక్కకు జరిపి అవ్వ కూడా ఆమెనే చూస్తోంది. నేను తేలు కుట్టిన దొంగలా ఆ కుళాయి నీళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

నోరు మూసుకుంటే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది. బొబ్బ మానిపోతుంది. దవాఖానలో ఇదే పరీక్ష పెడితే చెవితోనే మళ్ళీ గెలుస్తాను. బాయిలోకి దిగుతాను. అరచెయ్యి కప్పుకు ఆనిస్తాను. కాలుతుంటేనే తెలియని చేతికి రాయి అదిరితే ఏం తెలుస్తుంది? నేను "రాండ్రి" అంటాను. వీడు కళ్ళు మూసుకొని వస్తాడు. థూ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. ఒంటి మీద బట్టలు లేనట్టు సిగ్గేసింది.

"ఆ పిల్లను ఏమనకు తమ్మీ. చెయ్యి నేనే జరిపిన."

"నువ్వెందుకు జరుపుతవన్నా?"

చేతికి ఏమీ తెలియడం లేదన్న ఆ ఒక్క ముక్క వాడి ముందు చెప్పడం నా వల్ల కాలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

"బిడ్డా, గా పరీక్ష మళ్ళ పెట్టు. కాలిన కాడ కాదు, వేలి కొసకు పెట్టు. తమ్మీ, నా చెవులు మూయి."

"చెవులెందుకన్నా?"

"మూయి ముందు."

వాడు వెనక నిలబడి రెండు అరచేతులతో నా చెవులు గట్టిగా అదిమాడు. ఫ్యాను చప్పుడు, కింద రోడ్డు మీది ఆటోల మోత అన్నీ దూరమయ్యాయి. కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. టింగు లేదు, టప్పు లేదు. ఇంకా పెట్టలేదేమో అనుకుని చాలాసేపు ఓపిక పట్టాను.

"పెట్టినవా బిడ్డా?" అని అడిగి కళ్ళు తెరిచాను.

వేడి గొట్టం నా చూపుడు వేలి కొసకు ఆనే ఉంది. ఆ పిల్ల దాన్ని తీయకుండా నా మొహంలోకి చూస్తోంది.

చెవుల మీద తమ్ముడి అరచేతులు వెచ్చగా ఉన్నాయి. అవి అదరడం మొదలైంది. అది మాత్రం నాకు బాగా తెలిసింది.