ఎస్-ఏడు అనబడే డీజిల్ షెడ్ అత్త

ఆ రోజుల్లో నేను రెండు సంగతులు గట్టిగా నమ్మేదాన్ని. రూలంటూ ఒకటి రాసి పెడితే మనుషులు దాని ప్రకారం నడుస్తారని ఒకటి, ఆ రూలు మైకులో చదివినవాళ్లు అందరికన్నా ముందు నడుస్తారని రెండోది. (నవ్వకండి. మీరూ ఏదో ఒక వయసులో ఇలాంటివి నమ్మే ఉంటారు.) ఇప్పటికీ ఎవరైనా వేదికెక్కి గొంతు సవరించుకుని "పరిశోధనలో నైతికత" అని మొదలుపెడితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పక్కవాళ్లు ఏమైందంటారు. ఏమీ లేదండీ, ఎసిడిటీ అంటాను.

మాది హిందీ రాజ్యమేలే బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ట్రాక్ మీద గ్యాంగులో చేరారు, నాన్న గార్డు అయ్యారు, నేను ఎందుకూ కొరగాని పుస్తకాల పురుగునయ్యాను. పీహెచ్‌డీలో చేరి నేను పట్టుకున్న విషయం మా ఇంటి వరండాలోనే దొరికింది. మా కాలనీ ఆడవాళ్లు మాట్లాడే తెలుగులో రైలు మాటలు కాపురం పెట్టేశాయి. మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెట్టమనడానికి "సైడింగ్‌లో పెట్టీ" అంటారు. పిల్లలు వంటింట్లోకీ బయటికీ తిరుగుతుంటే "ఏటా షంటింగు, ఓ చోట కూకోండి" అని కేకలేస్తారు. సినిమాకి అత్తగారు ఒప్పుకుంటే "లైన్ క్లియర్" వచ్చినట్టు. ఇవన్నీ సేకరించి, ఎవరు ఎప్పుడు ఎందుకు అంటారో రాయడం నా పని. అందులో మూడొంతుల మాటలు మా పక్క క్వార్టర్ అత్త దగ్గరివే. ఆవిడ భర్త డీజిల్ షెడ్‌లో ఫిట్టరు కాబట్టి కాలనీ అంతటికీ ఆవిడ డీజిల్ షెడ్ అత్త. పేరుకి తగ్గట్టే స్టార్టయితే ఆగేది కాదు.

మా గైడు గారిని సార్ అనే పిలిచేవాళ్లం కాబట్టి ఇక్కడా సారే. గోదావరి వైపు మనిషి, మాట తేనె, చేతులు ఎప్పుడూ కట్టుకునే ఉండేవి. భాషా పరిశోధకుల సంఘం ఒకదానిలో నైతిక నియమాల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆ ఏడాది సంఘం సభలు మా ఊళ్లోనే పెట్టారు, అందులో నియమావళి విడుదల చెయ్యాలన్నారు. "నువ్వు డ్రాఫ్ట్ చెయ్యమ్మా, నేను చూసి దిద్దుతాను" అన్నారు సార్. నేను పొంగిపోయి, నిద్రాహారాలు మాని, రాజ్యాంగం రాస్తున్నంత పోజు పెట్టి రాశాను. పని చేసినవాళ్ల పేరే వ్యాసం మీద ఉండాలి, చెయ్యనివాళ్ల పేరు ఉండకూడదు. ఎవరి మాటైనా రికార్డు చేసేముందు రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. మాటలు చెప్పినవాళ్ల పేరు బయటపెట్టకుండా కాపాడాలి. చెప్పిన మాటకి లేని అర్థం అంటగట్టకూడదు. ఇలా పేజీలకి పేజీలు. సార్ దిద్దడమంటే కింద ఆయన సంతకం చెయ్యడమేనని తర్వాత తెలిసింది.

రాసినదాన్ని కదా, పాటించాలి కదా! సమ్మతి పత్రం అచ్చు తీయించి మొట్టమొదట అత్త దగ్గరికే వెళ్లాను.

"ఏటే ఇది?" అంది అత్త, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పిన మాటలు నేను రాసుకోడానికి నీకు ఇష్టమేనని సంతకం పెట్టాలత్తా."

అత్త మొహం పాలిపోయింది. "సంతకమా? ఓలమ్మో! క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారేటే? మీ మావయ్యకింకా సర్వీసుందే!"

మీకు చెప్పాలి, రైల్వే కాలనీలో గుమ్మంలోకి వచ్చి సంతకం పెట్టమన్న కాగితం ఏదైనా సరే, మెమో అయినా అయ్యుండాలి, ఖాళీ నోటీసైనా అయ్యుండాలి. శుభవార్త ఇంటికొచ్చి సంతకం అడిగిన దాఖలా ఎవరికీ తెలీదు. నేను వివరించేలోపే మా క్వార్టర్ల వరస వాట్సాప్ గ్రూపులో ఎవరూ సంతకం పెట్టొద్దని హిందీలో మెసేజ్ వెళ్లిపోయింది: "కోయీ భీ సైన్ మత్ కర్నా." కింద అరడజను చేతులు జోడించిన బొమ్మలు. నేను ఇంటికి చేరేసరికి మా అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "కాలనీ మొత్తాన్ని రోడ్డు మీదికి ఈడుస్తున్నావటే? ఇదేనా నీ చదువు?" అని పట్టుకుంది. నీతి పాటించబోయి నేను తిన్న మొదటి చీవాట్లు అవి.

చివరికి మావయ్య కళ్లజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివి, క్వార్టర్ అన్న మాట అందులో ఎక్కడా లేదని తేల్చాక అత్త మెత్తబడింది. కానీ పేరు దాస్తామన్న చోట మళ్లీ పేచీ.

"పేరు దాయడమేటే? నేనేటి దొంగతనం చేసేనా, లేచిపోయేనా?"

"రూలత్తా. నీ మంచికే."

"ఏ పనీపాటా లేనోడు రాసేడే ఆ రూలు?"

"నేనే అత్తా."

"అచ్ఛా" అని నన్ను కిందనుంచి పైదాకా చూసి, పెట్టీసింది సంతకం. ఆ అచ్ఛాలో ఎంత తిట్టుందో మా కాలనీవాళ్లకే తెలుస్తుంది.

వ్యాసం రాశాను. ఇది మామూలు వ్యాసం కాదు, నా ప్రాణం. సంఘం పత్రికలో నా పేరు ముందుగా ఒక వ్యాసం వస్తేనే నా థీసిస్ తీసుకుంటారు. లేకపోతే అన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. సభలకి ముందు సార్ పిలిచారు. "పేర్ల వరసలో కొంచెం అడ్జస్ట్ చేశానమ్మా" అన్నారు, అదేదో కుర్చీలు జరిపినట్టు. చూద్దును కదా, మొదట సార్ పేరు. తర్వాత మేడమ్ గారి పేరు, అంటే సార్ భార్య. ఆవిడ పక్కనున్న తఖత్‌పూర్ కాలేజీలో హోమ్ సైన్స్ చెబుతారు, ప్రమోషన్ దగ్గరపడింది. చిట్టచివర "మరియు" అన్న మాట వెనకాల, సినిమా టిక్కెట్టు దొరక్క మెట్ల మీద కూర్చున్నట్టు, నేను.

"మేడమ్ గారు ఇందులో ఏం చేశారు సార్?" అన్నాను.

"ఆవిడ లేకపోతే నేను లేనమ్మా. నేను లేకపోతే నీ పరిశోధన లేదు కదా."

(ఈ లెక్కన సార్‌ని కన్న తల్లి పేరు మొదట వెయ్యాలి. ఆ మహాతల్లికి మంత్రసాని పనిచేసినామె పేరు రెండోది. ఈ జవాబు నాకు ఇంటికి వెళ్లాక తట్టింది. మంచి జవాబులన్నీ ఇంటికి వెళ్లాకే తడతాయి.)

"సార్, పనిచెయ్యని వాళ్ల పేరు ఉండకూడదని మన నియమావళిలో..."

"నియమాలు దారి చూపడానికమ్మా, దారికి అడ్డం పడడానికి కాదు." చిరునవ్వు నవ్వారు. "నీ థీసిస్ మీద సంతకం చెయ్యాల్సింది నేనే కదా. ఆలోచించుకో."

ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది! ఎండలో స్కూటీ మీద తిరిగింది నేను, తిట్లు తిన్నది నేను, మాట మాటా విని రాసింది నేను. ఇంటికొచ్చి చెప్పులు చెరో దిక్కూ విసిరేసి అరిచాను, ఏడ్చాను. నాన్న మెల్లగా, "పోనీలేమ్మా, ఇంజిన్ మీద ఎవరి పేరుంటే ఏటి, బండి టైముకి చేరిందా లేదా" అన్నారు. "బండి నాది నాన్నా!" అని ఇంకా గట్టిగా అరిచాను. పెరుగు తోడుకని వచ్చిన అత్త గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అంతా విని, అందరూ మర్చిపోయిన ప్రశ్న అడిగింది.

"మరి నా పేరెక్కడుందే అందులో?"

"పేరు దాచాలి కదా, అందులో నువ్వు ఎస్-ఏడు అత్తా."

"ఎస్-ఏడా? అది స్లీపర్ బోగీ కదే! అన్ని మాటలు నా నోట్లోంచి లాక్కుని నన్ను బోగీ చేసీసేవా?"

నాకు నవ్వు రాలేదు. ఆవిడకీ రాలేదు. తోడు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

సభ రోజున ముందు వరసలో మా కాలనీ ఆడవాళ్లని కూర్చోబెట్టమన్నది సారే, ఫొటోలో సమాజం కనపడాలట. అందరూ పట్టుచీరల్లో వచ్చారు. అత్త సరిగ్గా మధ్యలో, వెనక వరసలో మావయ్య. సార్ నియమావళి విడుదల చేసి, నా వాక్యాలు ఒక్కొక్కటీ ఎంత ఆర్ద్రంగా చదివారనుకున్నారు! పని చేసినవాళ్ల పేరే ఉండాలి అన్నచోట ఆగి కళ్లు మూసుకున్నారు కూడా. హాలంతా చప్పట్లు. నేను పళ్లు పటపట కొరుక్కుంటూ ఓ మూల నిలబడ్డాను. కంచే చేను మేస్తుంటే చేనుకి చప్పట్లు కొట్టే యోగం కూడానా!

తర్వాత మేడమ్ గారు వ్యాసం చదవడానికి లేచారు. ఆవిడ చెడ్డావిడ కాదు, పాపం. "ఎస్-ఏడు అనే వ్యక్తి, 'మా ఆయన ఔటర్‌లో ఆగిపోయేరు' అంటారు. ఇది భర్త దూరమైన స్త్రీ ఒంటరితనానికి ప్రతీక" అని చదివారు. నేను రాసింది అది కానే కాదు. లోతు చాలలేదని సార్ మార్చారు. వెనక వరసలో కూర్చున్న దూరమైన భర్త ఉలిక్కిపడి ముందుకి వంగి చూశారు.

అత్త లేచింది.

"ఏటమ్మా అది? ఎవరికి దూరమయ్యేరు? ఇదిగో, వెనకాలే కూకున్నారు కదా! ఔటరంటే మా సందు మలుపులో పాన్ ఠేలా, కిళ్లీ బండి. డ్యూటీ దిగి ఇంటికొచ్చే మగోడు అక్కడ నిలబడి కబుర్లాడతాడు. ఇంట్లో అన్నం చల్లారిపోతాది. అప్పుడంటాం మేం ఔటర్‌లో ఆగిపోయేడని, సిగ్నల్ దొరక్క స్టేషన్ బయట బండి ఆగినట్టు. ఒంటరితనమూ లేదు, తద్దినమూ లేదు!"

హాలు ఘొల్లుమంది. సార్ వేదిక మీంచి చేతులు జోడించారు. "అమ్మా, దయచేసి కూర్చోండి. ఎస్-ఏడు ఎవరన్నది మేం బయటపెట్టకూడదు. అది వారి రక్షణ కోసం..."

"నేనే ఎస్-ఏడు!" అంది అత్త. ఇక నవ్వు ఆగిపోయింది. "నా మాట, నా నోరు, నా పేరు దాచీసేరు. నా మంచికేనన్నారు, ఊరుకున్నాను. మరి నీ పేరెందుకు దాచుకోలేదు బాబూ? నీకు అక్కర్లేదా రక్షణ? మీ ఆవిడకి అక్కర్లేదా? ఆ పిల్ల మా గుమ్మాలట్టుకు తిరిగి రాసుకుంది, దాన్నేమో గార్డు పెట్టెలో ఎక్కించినట్టు ఆఖర్న ఎక్కించేరు. పేర్లు దాయడం అంత మంచిదయితే నువ్వూ ఎస్-ఎనిమిదని ఏసుకో!"

సంఘం అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. సార్ వైపు చూడకుండా నన్ను వేలితో పిలిచి, "ఈ పని ఎవరు చేశారమ్మా?" అని అడిగారు. సార్ నన్నే చూస్తున్నారు, అదే చిరునవ్వుతో. ఎన్ని రాత్రులు అద్దం ముందు ఉపన్యాసం తయారుచేసుకున్నానో! దుమ్ము దులిపేద్దామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే రెండే మాటలొచ్చాయి. "నేనే మేడమ్" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలీక, ముక్కు ఎగబీలుస్తూ, "ఆ రూలు కూడా నేనే రాశాను" అన్నాను.

ఇక్కడ కథ సుఖాంతం అవ్వాలి. అవ్వలేదు. వ్యాసం "సాంకేతిక కారణాల వల్ల" వెనక్కి తీసుకున్నారు, ఎవరి పేరూ అచ్చుకాలేదు. సార్ కమిటీ మారారంతే, వేదిక దిగలేదు. నా థీసిస్ మీద సంతకం మాత్రం చెయ్యలేదు. గైడుని మార్చుకుని, ఫీజులు మళ్లీ కట్టి, నా ఈడువాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడుతుంటే నేను వ్యాసమూ థీసిసూ మళ్లీ మొదటినుంచి రాసుకున్నాను. ఆ ఏళ్లు ఎవరిస్తారు నాకు? మర్చిపో, క్షమించెయ్ అంటారు పెద్దమనుషులు. ఎందుకు క్షమించాలి? ఆయన అడగనే లేదు.

థీసిస్ పుస్తకంగా వచ్చేటప్పటికి మావయ్య రిటైరై, నిజంగానే క్వార్టర్ ఖాళీ చేసి, ఊళ్లోనే దయాల్‌బంద్‌లో అద్దెకి దిగారు. పుస్తకం పట్టుకుని వెళ్లాను. లోపల మొదటి పేజీలోనే, ఈ మాటలు ఎవరివో, ఇంటిపేరుతో సహా అత్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మనవడికి తెలుగు చదవడం రాదు, "అమ్మమ్మా, కహాఁ లిఖా హై?" అని, ఎక్కడ రాసుందో వెతుకుతున్నాడు. అత్త వాడి చెయ్యి తోసేసి, తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పెన్నుందేటే? సంతకమెక్కడ పెట్టాలి?" అంది.

ఇప్పుడు ఆ సంఘం నైతిక నియమాల కమిటీలో నేనూ ఉన్నాను. (అవును, మీరు నవ్వొచ్చు.) పేరు దాచాలా, వెయ్యాలా అన్నది ముందు ఆ మనిషినే అడగాలని ఒక వాక్యం కొట్లాడి చేర్పించాను. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని అత్త రూలంటారు. వాళ్లలో ఒకమ్మాయి మొన్న సమావేశంలో ఓ రూలు గురించి బల్ల గుద్ది మరీ నాతో పోట్లాడింది, ముక్కు ఎర్రబడిపోయి. ఎక్కడో చూసినట్టుందే అనుకుని నాలో నేను నవ్వుకున్నాను.

ఇది రాసేముందు కూడా అత్తకి ఫోన్ చేసి అడిగాను, నీ పేరు వెయ్యనా అని. "నేనా సభలో అరిచినవన్నీ రాత్తన్నావా?"

"మొత్తం రాస్తున్నానత్తా."

"అయితే వొద్దులే. డీజిల్ షెడ్ అత్తనే ఉంచీ" అంది.