విశేషణాల టీచరమ్మ

ముందుగదిలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే ఆ టీచరమ్మకి ఒకచోట కాలు నిలవదు. పాఠమైనా నడుస్తూనే చెబుతుంది. అందులోనూ విశేషణాలంటే ప్రాణం. ఎవరి నోట ‘గుడ్’ అని వచ్చిందా, ఒంటికాలి మీద లేస్తుంది.

“గుడ్ బాయ్, గుడ్ డాగ్, గుడ్ సోప్! అన్నిటికీ అదొక్కటేనా? మనిషిని చూసి మాట వెతకండర్రా!”

చూడటానికి ఎదురుగా ఓ మనిషి ఉండాలి కదా! మూల కుర్చీలో కూర్చునే కన్నతండ్రినే చూపించేది. టాల్, థిన్, ఓల్డ్ అంటూ పిల్లలు పోటీలు పడేవాళ్ళు. ఇంగ్లీషు ముక్క రాని పెద్దాయన అదేదో తనకి సన్మానమైనట్టు బోసినవ్వు నవ్వేవాడు.

ఆ సాయంత్రం ఒక పిల్ల “యూజ్‌లెస్” అంది. బోర్డు మీద రాస్తున్న టీచరమ్మ వెనక్కి తిరగకుండానే, “శభాష్, కొత్త మాట!” అనేసింది.

పాఠం ముగిసేసరికి కుర్చీలో మనిషి లేడు, గుమ్మంలో చెప్పులూ లేవు. ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

“తాతయ్య అర్థం అడిగితే పనికిరానివాడని చెప్పాను టీచర్.”

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. మాట పిల్లదే, శభాష్ మాత్రం తనదే. తాళమైనా వెయ్యకుండా వీధిన పడింది. మందుల షాపు, పార్కు, మళ్ళీ మందుల షాపు. చివరికి బస్టాండులో మైకు గది.

“మనిషి ఎలా ఉంటారమ్మా?” అన్నాడు మైకతను.

“పొడుగ్గా, సన్నగా, జుట్టు తెల్లగా...”

“అలాంటివాళ్ళు ఇక్కడ బోలెడుమంది. ఇంకేదైనా చెప్పండి.”

ఊరి పిల్లలందరికీ విశేషణాలు నూరిపోసిన మనిషికి ఇంకొక్క విశేషణం దొరకలేదు. “నీలం చొక్కా... మార్చుకున్నారేమో...” అంటూనే ఏడ్చేసింది. “మా నాన్నండీ. ఆయన కనపడకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. వాళ్ళమ్మాయి వెతుక్కుంటోందని చెప్పండి, చాలు.”

ఆమె తండ్రి పేరు చెబితే, అతను ఉన్నదున్నట్టు మైకులో చెప్పాడు. పేరు మాత్రం బస్సు హారన్లో కలిసిపోయింది.

ఆమె ప్రతి ప్లాట్‌ఫారమూ గాలించింది. తీరా చూస్తే ఆయన మైకు కిందే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

“నాన్నా! మైకులో చెప్పింది వినపడలేదా?”

“వినపడిందమ్మా,” అన్నాడాయన, పక్కకి జరిగి ఆమెకు చోటిస్తూ. “ఎవరో అదృష్టవంతుడు అనుకున్నాను.”